బూడిదరంగు కింద పొర

పోయిన వారం మనం రంగులమ్మాయిని బీరువా ముందు వదిలేసి వచ్చాం. పాపం, అక్కడే నిలబడి ఉంది. పన్నెండేళ్లుగా ఎవరినీ ముట్టుకోనివ్వని అర తాళం తీసింది, పాత తువ్వాలులో చుట్టిన రేకుముక్కని చేతిలోకి తీసుకుంది. అరచేతంత ముక్క. ఒకవైపు బూడిదరంగు, ఒక అంచు కాలి నల్లబడి ఉంది. సముద్రం మీద గస్తీకి వెళ్లి తిరిగిరాని విమానం తాలూకు, దాన్ని నడిపిన ఆమె భర్త తాలూకు, ఇంటికి చేరింది ఆ ఒక్క ముక్కే. మనిషి రాలేదు, చేతిగడియారం రాలేదు, చొక్కా గుండీ కూడా రాలేదు.

ఇంకో సంగతి మరిచిపోకండి. వచ్చే శుక్రవారం ఆమెకి పెళ్లి. పక్క కొట్టు గడియారాలాయనతో, రిజిస్ట్రారు ఆఫీసులో. మొదటి సాక్షి సంతకం నాదే అని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఆమె మామగారు, పోయినవాడి కన్నతండ్రి. ఇలాంటి మామగారు ఊరికొక్కరుంటే చాలని వీధి వీధంతా చెప్పుకుంది.

మరి పెళ్లి పెట్టుకుని ఆ ముక్క ఎందుకు బయటికి తీసిందంటారా, అంతా డ్రాయింగు మాస్టారి చలవ.

రంగులమ్మాయి పనిచేసే కొట్టు సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. అక్కడ అమ్మేది గోడల రంగులు కాదు. పాత యుద్ధ విమానాలని చిన్నవిగా, అచ్చుగుద్దినట్టు తయారుచేసే మనుషులుంటారు చూడండి, వాళ్లకి కావలసిన బుల్లి సీసా రంగులు. బొమ్మలు అంటే వాళ్లకి ఒళ్లు మండుతుంది, నమూనాలు అనాలి. అడవి మీద ఎగిరేవాటికి ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలు, సముద్రం మీద ఎగిరేవాటికి బూడిదరంగు, పొట్టకింద లేత నీలం. ఆ నీలం ఎంత నీలం అన్నదాని మీద అన్నదమ్ముల్లాంటి స్నేహితులు రెండేళ్లు మాటలు మానేసిన కొట్టు అది. ఆ కొట్లో రంగు కలిపేది ఈమె. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చినా ఇంకా రంగులమ్మాయే.

ఆ ఉదయం మాస్టారు తలుపు తీయకముందే వచ్చి మెట్టు మీద కూర్చున్నారు. విమాన స్థావరం వాళ్ల స్మారక మందిరంలో పెట్టడానికి, ఆమె భర్త నడిపిన విమానానికి నలభై ఎనిమిదో వంతు నమూనా ఆయనే చేస్తున్నారు. రెక్కలు, చక్రాలు, అన్నీ అయిపోయాయి. రంగు ఒక్కటే మిగిలింది.

"అమ్మాయ్, చార్టులో ఉన్న బూడిదరంగు పనికిరాదు. ఆ స్థావరంలో వాళ్లు సొంతంగా కలుపుకున్నారు. చార్టుదొక దారి, డబ్బాదొక దారి. అసలు ముక్క నీ దగ్గరుండగా నేను చార్టు చూసి కొడితే నా మొహాన ఉమ్మేస్తారు."

"ఎవరు కనిపెడతారు మాస్టారూ?"

"నువ్వు కనిపెడతావ్."

శుక్రవారం లోపు పోయిన భర్త కోసం ఆమె చేయగలిగిన పని ఇంకేం ఉంది? ఆయన విమానానికి సరైన రంగు కలిపి ఇచ్చేసి, మనసులో ఒక దండం పెట్టుకుని, ఆ తర్వాత సంతకం చేద్దామనుకుంది. అందుకే బీరువా తెరిచింది. ఇదీ జరిగింది.

ముక్కని కొట్లోకి తెచ్చి, ట్యూబులైటు ఆర్పేసింది. ట్యూబులైటు కింద కుదిరిన రంగు పగటి వెలుతురులోకి రాగానే మాట మార్చేస్తుంది. ఉత్తరం కిటికీ రెక్కలు బార్లా తీసి, బల్ల మీద తెల్లకాగితం పరిచి, దాని మీద ముక్కని పెట్టింది. పని పద్ధతి తేలికే. అట్టముక్కకి శనగగింజంత చిల్లు పెట్టాలి. కలిపిన రంగు ఆ అట్ట మీద పూసి, ఆరనిచ్చి, అసలు రంగు మీద పెట్టాలి. చిల్లులోంచి కనిపించే రంగూ చుట్టూ ఉన్న రంగూ ఒకటైపోయి చిల్లు మాయమైతే కుదిరినట్టు. చిల్లు కనిపించినంతసేపూ మళ్లీ కలుపుకోవడమే.

తెలుపు, నలుపు, సూదిమొనంత నీలం, రవ్వంత పసుపు. మొదటి అట్ట చల్లగా వచ్చింది. రెండోది మురికిగా వచ్చింది. మూడోదానిలో పసుపు ఎక్కువై పచ్చగా తిరిగింది. నాలుగో అట్ట ఆరబెట్టి ముక్క మీద పెట్టేసరికి చిల్లు లేదు! వేలితో తడిమితే తప్ప ఎక్కడుందో తెలియలేదు. ఆమెకి ఏడుపు వచ్చింది, ఏడ్చింది కూడా. కొట్లో ఎవరూ లేరు కదా, సిగ్గెందుకు?

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ నేర్పినవాళ్లు గట్టిగా నేర్పితే చెయ్యి ఊరుకోదు. "పైరంగుని నమ్మకు, అది ఎండకీ గాలికీ మొహం మార్చుకుంటుంది. అంచు రుద్ది చూడు, లోపల అసలు రంగు ఉంటుంది" అని మామగారు లక్షసార్లు చెప్పారు. ఆయన ఆ స్థావరంలోనే ముప్ఫై రెండేళ్లు విమానాలకి రంగులు కొట్టిన పెద్ద పెయింటరు. కొడుకు పోయాక ఉద్యోగం వదిలేసి, తిండి మానేసిన కోడల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి, ఈ స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి పుల్ల ఇచ్చి, "కలుపు" అన్నది ఆయనే.

గరుకు వాటర్ పేపర్ తడిపి, కాలని అంచు దగ్గర గోరంత మేర మెల్లగా రుద్దింది. గడియారాలాయన దగ్గర అడిగి తెచ్చుకున్న కంటి అద్దం పెట్టుకుని వంగి చూసింది. బూడిదరంగు పలచబడింది. దాని కింద ఆకుపచ్చో మట్టిరంగో రావాలి.

ఎందుకు రావాలంటే, ఆ గొడవ ఆమె ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆ విమానాలకి మొదట ఆకుపచ్చా మట్టిరంగూ మచ్చలుండేవి. ప్రమాదం జరిగిన ఏడే పైనుంచి ఆర్డరొచ్చింది, పది రోజుల్లో అన్నిటినీ బూడిదరంగులోకి మార్చెయ్యమని. పాత రంగు గీకే వ్యవధి ఇవ్వలేదు. దాని మీదే కొట్టించేశారు. మామగారు భోజనం దగ్గర కూర్చుంటే చాలు, ఇదే పాట: "పాత రంగు మీద కొత్త రంగు కొట్టడమంటే స్నానం చెయ్యకుండా కొత్త బట్టలు కట్టుకోవడమే! ముప్ఫై ఏళ్లలో ఇలాంటి పాపం చెయ్యలేదు." కొడుకు విమానానికి మాత్రం ఆ పాపం ఇంకొకరి చేతికి ఇవ్వకుండా ఆయనే కొట్టారు. ఆమె భర్త పళ్లెంలోకి తల దించుకుని నవ్వు ఆపుకోవడం ఇప్పటికీ ఆమెకి కళ్లకి కట్టినట్టు ఉంటుంది.

బూడిదరంగు పోయింది. కింద, రేకుకి అన్నిటికంటే ముందు పూసే ప్రైమర్ పసుపు వచ్చింది. ఇంకా రుద్దితే తెల్లటి రేకు వచ్చింది.

ఆకుపచ్చ లేదు.

ఇంకో మూల రుద్దింది, లేదు. మధ్యలో రుద్దింది, అక్కడా లేదు. వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ముందుకి తిప్పి, పిచ్చిదానిలా నాలుగుచోట్ల రుద్దింది. అన్నిచోట్లా ఒకటే వరస: బూడిద, పసుపు, రేకు.

"నా అద్దం మళ్లీ నీ దగ్గరే ఉందా?" అంటూ గడియారాలాయన రెండు గ్లాసుల టీతో లోపలికి వచ్చాడు. "అక్కడొకాయన గడియారం పొట్ట విప్పుకుని కూర్చున్నాను. ఆపరేషన్ మధ్యలో కత్తి పోగొట్టుకున్న డాక్టర్లా ఉంది నా పని."

ఆమె నవ్వలేదు. ముక్కని ఆయన వైపు జరిపింది. "రుద్దినచోట ఆకుపచ్చ ఏమైనా కనిపిస్తోందా చూడండి."

ఆయన చూశాడు. నిదానంగా చూశాడు, చిన్న వస్తువుల్ని చూడటం ఆయన బతుకుతెరువు. "లేదే. పసుపుంది, కింద రేకుంది. ఎందుకు?"

"ఏం లేదు."

ఆ ముఖం చూసి కూడా ఆయన ఇంకో మాట అడగలేదు. టీ గ్లాసు ఆమె చేతికి అందేచోట పెట్టి, అద్దం సంగతే ఎత్తకుండా వెళ్లిపోయాడు. అన్నీ తవ్వి తవ్వి అడగడు కాబట్టే ఆయన ఆమెకి నచ్చాడు.

ముందు ఆఫీసర్ల మీద కోపం వచ్చింది. ఏదో ఒక ముక్క మామగారి చేతిలో పెట్టి పంపేశారా? పన్నెండేళ్లు ఎవరి విమానం ముక్కనో గుండెకి హత్తుకుని పడుకున్నానా? కంటి అద్దం మళ్లీ పెట్టుకుంది. అప్పుడు కనిపించింది ఇంకో సంగతి. బూడిదరంగు రెండు సార్లు కొట్టారు. మొదటిసారి నిలువుగా, రెండోసారి అడ్డంగా. రంగు రేణువులు నేతలో పోగుల్లా ఒకదాని మీద ఒకటి అడ్డుపడి ఉన్నాయి. అలా కొట్టే మనిషి ఆమెకి తెలిసి లోకంలో ఒక్కరే. రోజూ పక్కన నిలబడి, "మొదటి చెయ్యి నిలువు, రెండో చెయ్యి అడ్డం" అని ఆమె మణికట్టు పట్టుకుని తిప్పిన మనిషి.

టీ చల్లారిపోయింది. ఆమె కదల్లేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మామగారు వచ్చారు. చంకలో కాగితం పొట్లం, శుక్రవారానికి కుట్టించుకున్న కొత్త చొక్కా.

"ఇది చూడమ్మాయ్, చేతులు అంగుళం పొడుగు కుట్టి చచ్చాడు! నేనేమన్నా కోతినా? సాక్షి సంతకం పెడుతుంటే వేళ్లు కూడా బయటికి రావు..."

మాట అక్కడే ఆగిపోయింది. కిటికీ దగ్గర ముక్కని చూశారు. తడి వాటర్ పేపర్ని చూశారు. తెల్లకాగితం మీద కారిన పసుపు నీళ్లని చూశారు. పొట్లం బల్ల మీద పెట్టబోతే జారి కింద పడింది. ఆయన తీసుకోలేదు.

"రుద్దావా?"

"మీరే నేర్పారుగా మామయ్యా."

ఆయన గోడకి చెయ్యి ఆన్చి, మెల్లగా పాత డబ్బా మీద కూర్చున్నారు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి, ఆ ఒక్క నిమిషంలో ఇంకో పదేళ్లు మీదపడ్డట్టు కనిపించారు.

"పాత రంగు రేకు మీద కొట్టి ఉంటే ఈ జన్మకి నేను కనిపెట్టేదాన్ని కాదు," అందామె. గొంతు పెంచలేదు. "శుభ్రంగా గీకారు. ప్రైమర్ పెట్టారు. నిలువొక చెయ్యి, అడ్డమొక చెయ్యి కొట్టారు. అబద్ధం కూడా ఎంత పద్ధతిగా చేశారండీ!"

"చెయ్యి ఒప్పుకోలేదమ్మా," అన్నారాయన నేల చూస్తూ. "మురికి రేకు మీద కొడదామనే అనుకున్నా. చెయ్యి ఒప్పుకోలేదు."

"ఎందుకు చేశారు?"

"ఎందుకా? నువ్వు గుమ్మంలో కూర్చున్నావు గనక! ఇరవై ఎనిమిది రోజులు, తల్లీ. లెక్కపెట్టాను. వీధిలో ఏ బండి చప్పుడైనా లేచి నిలబడేదానివి. నిన్ను చూసి మీ అత్తయ్య కూడా పక్కనే కూలబడింది. వెతకడం ఆపేశామని ఆఫీసువాళ్లు నాతో చెప్పేశారు, ఏమీ దొరకలేదన్నారు. ఆ మాట తెచ్చి ఇంట్లో చెబితే? ఏమీ దొరకలేదంటే నువ్వు లేస్తావా అక్కణ్ణించి? ఇంకా కూర్చుంటావు. కొడుకు ఎలాగూ పోయాడు, మీ ఇద్దరూ కూడా నా కళ్ల ముందే ఎండిపోతున్నారు."

ఆయన అరచేతుల్ని మోకాళ్ల మీద రుద్దుకున్నారు.

"పాత సామాన్ల కొట్టంలో రేకు కోసుకున్నా. ఎవరూ లేనప్పుడు రంగు కొట్టుకున్నా. ఆరాక బ్లోలాంపు పెట్టి అంచు కాల్చాను. అది కాలుస్తుంటే... నా కొడుక్కి నేనే నిప్పు పెడుతున్నట్టుందమ్మా. లాంపు రెండుసార్లు ఆపేశాను. మూడోసారి కళ్లు మూసుకుని కాల్చాను."

ఆమె ముక్క కాలిన అంచు వైపు చూసింది.

"దాన్ని నీ చేతిలో పెట్టగానే బావురుమన్నావు. అన్ని రోజుల్లో అదే మొదటి ఏడుపు. ఏడ్చి ఏడ్చి, సాయంత్రానికి గ్లాసెడు పాలు తాగావు. అప్పుడనుకున్నా, పాపమైతే నాకు తగలనీ, పిల్ల పాలు తాగింది."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలీదు. చివరి రోజుల్లో నిన్నడిగి తలకింద పెట్టుకుందిగా. అలాగే పోయింది."

అదిగో, అక్కడ ఆమెకి తట్టుకోవడం చేతకాలేదు. స్టూలు వెనక్కి నెట్టి లేచింది. "నేను ఎవరి కోసం ఏడ్చాను మామయ్యా? సామాన్ల కొట్టం రేకు కోసమా? ఆయన పుట్టినరోజు నాడు దాన్ని ముందు పెట్టుకుని మాట్లాడేదాన్ని. మీరు పక్క గదిలో ఉండేవారు. వినపడేది కదా మీకు? వింటూ ఎలా ఊరుకున్నారు?"

"వాడి కోసమే ఏడ్చావు," అన్నారాయన. "రేకు అబద్ధం. ఏడుపు నిజమే కదమ్మా."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆమె వంగి, కింద పడ్డ పొట్లం తీసి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది. కోపం ఉంది. కానీ ఈ మనిషి మీద ఎంతసేపని కోపం నిలుస్తుంది? తన చేత రంగు పుల్ల పట్టించి బతికించిన మనిషి. తన పెళ్లికి చొక్కా కుట్టించుకున్న మనిషి. సముద్రంలో ఏమీ మిగల్లేదు, పెద్దాయన ఉండబట్టలేక ఒక ముక్క చేశారు. అంతే కదా అనుకుంది.

"సరే," అంది కళ్లు తుడుచుకుంటూ. "అక్కడ ఏమీ దొరకలేదు. అందుకని మీరు చేశారు. అంతేనా?"

అవును అని ఒక్క మాట అనేసి ఉంటే, ఆమె ఆ చల్లారిన టీ తాగేసి, రంగు సీసాకి మూత పెట్టేసి, శుక్రవారం నాడు నిశ్చింతగా సంతకం పెట్టేది. ఆయనా అనబోయారు. పెదవులు కదిలాయి. కానీ పన్నెండేళ్లు మోసిన బరువులో సగం దించుకున్నాక మిగతా సగం మోయడానికి భుజం ఒప్పుకోదు కాబోలు.

"అప్పుడు దొరకలేదు," అన్నారు. "అయిదు నెలల తర్వాత దొరికింది."

"ఏం దొరికింది?"

"విమానం. చేపల పడవవాళ్ల వలకి తగిలింది. నంబరు చెరిగిపోయింది, ఎవరిదో తేలక నన్ను పిలిపించారు. అంచు రుద్ది చూశా. బూడిద, కింద ఆకుపచ్చ, కింద పసుపు. నా చేత్తో నేను చేసిన పాపం నాకు తెలియదా? వాడిదే."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఆయన...?"

"లేడు. అందులో లేడు. పైన గాజు కప్పు లేదు." ఆయన తలెత్తి మొదటిసారి ఆమె కళ్లలోకి చూశారు. "సీటు లేదమ్మా."

పైలట్ భార్యకి వివరించి చెప్పనక్కర్లేదు. ఆ సీటు ఊరికే ఊడిపోయేది కాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పిడి లాగితే మనిషితో సహా పైకి ఎగిరిపోతుంది, ఆ తర్వాత పారాచూట్ విచ్చుకుంటుంది. సీటు లేదంటే ఆయన పిడి లాగాడు. లాగే వేళకి ప్రాణంతో ఉన్నాడు.

"ఎగిరినా ఆ నీళ్లలో ఎవరూ బతకరని ఆఫీసరు రాసేశాడు. ఉత్తరం నీ పేరు మీదే వచ్చింది. పోస్టాయన దగ్గర నేను తీసుకున్నా. తెచ్చి ఇద్దామనే కొట్టుకి వచ్చా. వచ్చేసరికి నువ్వు ఈ స్టూలు మీద కూర్చుని, మాస్టారు ఏదో అంటే నవ్వుతున్నావు. అయిదు నెలల్లో మొదటి నవ్వు. దాన్ని చూశాక జేబులోంచి చెయ్యి బయటికి రాలేదు."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే మళ్లీ గుమ్మంలో కూర్చుంటావు. ఎదురుచూసే పని ఇంటికి ఒక్కరు చేస్తే చాలనుకున్నా. అది నేను తీసుకున్నా. నెలనెలా రంగుపొడి కోసమని వెళ్లేవాణ్ణే, రంగుపొడి కోసం కాదు తల్లీ. ఒడ్డు వెంబడి పోయేవాణ్ణి. రేవులు, ఆస్పత్రులు, మతి లేనివాళ్లని ఉంచే ఇళ్లు. వాడి ఫోటో చూపించి అడిగేవాణ్ణి. చూపించీ చూపించీ ఫోటోలో మొహం చెరిగిపోతే ఇంకోటి తీయించుకున్నా."

ఆమె గుండె చెరువైపోయింది. ఈ ముసలాయన ఒక్కడూ, చేతిలో ఫోటోతో, ఏ రేవులో ఎవరెవరి చేత ఛీకొట్టించుకున్నాడో! వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూలబడాలనిపించింది. "పన్నెండేళ్లూ ఇలాగే తిరిగారా మామయ్యా?"

"రెండు నెలల కిందటి దాకా."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు. ఆమె మామూలుగానే విన్నది కూడా. ఒక అడుగు ఆయన వైపు వేసింది. రెండో అడుగు పడలేదు.

రెండు నెలల కిందటే ఆయన గడియారాలాయన దగ్గరికి వెళ్లి, తనంతట తనే పెళ్లి మాట ఎత్తారు. ఎవరూ అడక్కుండా. ఆలస్యం చెయ్యొద్దు, తొందరగా ముహూర్తం చూసేద్దామని తొందరపెట్టారు.

"పన్నెండేళ్లు తిరిగిన మనిషి," అంది ఆమె, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, "రెండు నెలల కిందట ఎందుకు మానేశారు?"

మామగారు వీధి తలుపు వైపు చూశారు.

"మామయ్యా, మిమ్మల్నే. ఒడ్డున ఏం కనిపించింది? సమాధా? మనిషా?"

పెద్దాయన లేచారు. వెళ్లి వీధి తలుపు గడియ వేశారు. తిరిగి వచ్చి, ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు.

"ముందు నువ్వు కూర్చోమ్మా," అన్నారు.